ముక్కు మానే తేదీ

నందివాడ మండలం రామాపురంలో పుట్టిన అక్కినేని నాగేశ్వరరావు 1974లో అమెరికా వెళ్ళి గుండెకు ఆపరేషన్ చేయించుకొచ్చారు. గుండె రక్తనాళాలకు బైపాస్ మన దేశంలో తొలిసారి జరిగింది 1975లో, మద్రాసు పెరంబూరు రైల్వే ఆస్పత్రిలో, డాక్టర్ కె.ఎం. చెరియన్ చేతుల మీదుగా. ఒక్క ఏడాది తేడా. ఇక్కడ లేని వైద్యం కోసం మా మండలం మనిషి సముద్రం దాటాడు, తిరిగొచ్చి మరో నలభై ఏళ్ళు బతికాడు, తెరమీద ప్రేమాభిషేకం లాంటి సినిమాలు చేశాడు. వైద్యం కోసం విదేశం వెళ్ళడం అంటే మా వైపు పెద్దవాళ్ళకు ఇప్పటికీ గుర్తొచ్చేది ఆ ప్రయాణమే.

ఇప్పటి ప్రయాణాలు వేరు. వైద్యం ఇక్కడ లేక వెళ్ళేవి కావు. ధర తక్కువనో, ఫలానా ఊరి సర్జన్లకు పేరుందనో, సెలవు కలిసొచ్చిందనో, ఎవరికీ తెలియకుండా అయిపోతుందనో వెళ్తున్నారు. గుండె కోసం కాదు, ముక్కు కోసం. ఇస్తాంబుల్, సియోల్, బాంకాక్ ఇందుకు పేరుపడిన ఊళ్ళు. అమెరికాలో ఉన్న మనవాళ్ళకైతే హైదరాబాదులో చేయించుకునేదే విదేశంలో జరిగే ఆపరేషన్. వెళ్ళడం తప్పని చెప్పడానికి ఈ అధ్యాయం రాయడం లేదు. తన మొహం తనకు నచ్చేలా ఉండాలనుకోవడం ఎవరికైనా సహజం. అయితే విమానం టికెట్టు మీద ఒక తేదీ ఉంటుంది, ముక్కు మానడానికి మరో తేదీ ఉంటుంది. రెండో తేదీని ఏ కంపెనీ మార్చలేదు. దాని లెక్క తెలుసుకోవాలంటే ముందు ముక్కు ఏం చేస్తుందో చూడాలి.

ముక్కు మొహం మీద పెట్టిన బొమ్మ కాదు, గాలిని సిద్ధం చేసే గది. రోజుకు పదివేల లీటర్ల పైచిలుకు గాలి మనం పీల్చుకుంటాం. అందులో ఎక్కువ భాగం ఈ రెండు రంధ్రాల గుండానే పోతుంది. గాలి లోపలికి అడుగుపెట్టగానే పక్క గోడల నుంచి వంగి ఉన్న తడి మడతలను ఒరుసుకుంటూ వెళ్తుంది. గొంతు చేరేలోపు అది ఒంటి వేడికి దగ్గరగా వెచ్చబడి, దాదాపు పూర్తిగా తేమ పట్టి ఉంటుంది. దుమ్ము జిగటకు అంటుకుని ఆగిపోతుంది. కొన్ని గంటలు ఒక రంధ్రం బాగా తెరుచుకుని రెండోది కాస్త మూసుకుంటుంది, తర్వాత వంతు మారుతుంది. మన యోగశాస్త్రం వాళ్ళు స్వరం మారడం అన్నది ఇదే.

ముక్కు పై మూడో వంతు ఎముక. చేత్తో పట్టుకుంటే గట్టిగా తగిలే దూలం అది. కింది రెండు వంతులు మృదులాస్థి. చెవి డొప్పను మడిచి వదిలితే తిరిగి లేస్తుందే, ఆ సరుకే. రంధ్రాల మధ్య నిలబడి ఉన్న నడిమి గోడ ముందు భాగం కూడా మృదులాస్థే. బయటి నుంచి ముక్కును సన్నం చేయాలంటే ఈ ఎముకనూ మృదులాస్థినీ కోయాలి, అరగదీయాలి, కొన్నిచోట్ల కొత్త ముక్కలు పెట్టి కుట్టాలి. లోపల గాలి దారిలో అన్నిటికన్నా ఇరుకైన చోటు రంధ్రానికి కాస్త పైనే ఉంటుంది. అక్కడ ఒక్క మిల్లీమీటరు తగ్గినా ఊపిరికి తేడా తెలుస్తుంది. అందంగా తయారైన ముక్కుతో రాత్రిళ్ళు నోరు తెరిచి పడుకోవాల్సి వచ్చినవాళ్ళు ఉన్నారు. మంచి సర్జన్ ముందుగా అడిగే ప్రశ్న ‘ఎలా కనిపించాలి?’ అని కాదు, ‘ఊపిరి ఎలా ఆడుతోంది?’ అని.

కోస్తాలో కోటేరు ముక్కుకు ఉన్న మోజు మనకు తెలిసిందే. పెళ్ళిచూపులు అయ్యాక వీధి అరుగు మీద ‘పిల్ల బాగానే ఉంది, ముక్కే కాస్త చప్పిడి’ అన్న మాట ఎంతమంది చెవిన పడి ఉంటుందో. నంది తిమ్మన ముక్కు మీద చెప్పిన పద్యం వల్లే ముక్కు తిమ్మన అయ్యాడని లోకం చెప్పుకుంటుంది. ముక్కుకు అంత పీట వేసిన భాష మనది. కానీ ఆ ‘చప్పిడి’ వెనక ఒక కథ ఉంది. 2017లో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్ళు రకరకాల ప్రాంతాలకు చెందిన పూర్వీకులున్న మనుషుల ముక్కులను త్రీడీ బొమ్మల్లో కొలిచారు. ముక్కు రంధ్రాల వెడల్పుకూ, ఆ పూర్వీకులు బతికిన చోటి వేడికీ గాలిలోని తేమకూ సంబంధం కనిపించింది. చలీ పొడీ ఉన్నచోట రంధ్రాలు సన్నగా ఉంటాయి. లోపలికి పోయే గాలి గోడలకు బాగా తగిలి వెచ్చబడాలి కదా. వేడీ తేమా ఉన్నచోట ఆ అవసరం తక్కువ, రంధ్రాలు వెడల్పు. ముక్కు మొత్తం ఆకారానికి ఇదొక్కటే కారణమని ఆ పరిశోధకులు అనలేదు. కానీ కొల్లేటి గాలి, బందరు ఉప్పుగాలి పీల్చి పెరిగిన వంశాల ముక్కు కాస్త వెడల్పుగా ఉంటే అది లోపం కాదు. ఈ నేలకు అమరిన పనిముట్టు. ఆపరేషన్‌కు సిద్ధపడ్డ పిల్లకు ఈ మాట ఎవరైనా ఒకసారి చెవిన వేస్తే బాగుంటుంది. విన్న తర్వాత కూడా వెళ్తానంటే, అది ఆమె ఇష్టం.

డాలస్‌లో ఉద్యోగం చేస్తున్న నందివాడ అమ్మాయి ఒకతె ఉందనుకుందాం. మూడు వారాల సెలవు దొరికింది. దారిలో ఇస్తాంబుల్లో దిగి ఆపరేషన్ చేయించుకుని, వారం రోజులు హోటల్లో ఉండి, గన్నవరంలో దిగి ఇంటికొచ్చి, పిన్ని కూతురి పెళ్ళి చూసుకుని తిరిగి వెళ్ళాలని ఆలోచన. కాగితం మీద అన్నీ సరిపోయాయి. ఒంటి లెక్కలో ఏం జరుగుతుందో చూద్దాం.

మొదటి రాత్రి నొప్పి కన్నా ఉక్కిరిబిక్కిరి ఎక్కువ. లోపల గడ్డకట్టిన రక్తం, వాపు, ఒక్కోసారి సన్నటి సిలికాన్ పలకలు ఉంటాయి. నోటితోనే ఊపిరి. గొంతు ఎండిపోతుంది. రెండు మూడు దిండ్లు వేసుకుని తల ఎత్తుగా పెట్టి వెల్లకిలా పడుకోవాలి. రెండో రోజు, మూడో రోజు వాపు పెరుగుతుంది, తగ్గదు. కళ్ళ కింద నల్లగా, నీలంగా కమిలిపోతుంది. ఇక్కడే చాలామంది అద్దం చూసుకుని బెంబేలెత్తుతారు. తెలియని ఊళ్ళో, హోటల్ గదిలో, ఒంటరిగా ఉన్న పిల్లకు మూడో రోజు రాత్రి కలిగే దిగులు చిన్నది కాదు. ఆ రోజు పక్కన మన మనిషి ఒకరు ఉండటం మందు బిళ్ళతో సమానమని నా నమ్మకం. ఖర్చు లెక్క వేసుకునేటప్పుడు రెండో టికెట్టు కూడా అందులో రాసుకోవాలి.

ఆకారం కదలకుండా ముక్కు మీద కట్టిన గట్టి అచ్చును ఏడో రోజు ప్రాంతంలో తీస్తారు. కింద ఉన్నది కొత్త ముక్కు అనుకుంటాం, నిజానికి అది వాపు. చర్మాన్ని లేపినప్పుడు సన్నటి సిరలూ, నీరు మోసుకుపోయే నాళాలూ తెగుతాయి. అవి మళ్ళీ దారులు వేసుకునేదాకా నీరు అక్కడే నిలుస్తుంది. అన్నిటికన్నా కిందుండే ముక్కు కొనలో ఎక్కువ కాలం నిలుస్తుంది. చర్మం మందంగా ఉన్నవాళ్ళలో ఇంకా ఎక్కువ కాలం. మనవాళ్ళలో చాలామంది చర్మం, ముఖ్యంగా కొన దగ్గర, మందమే. రెండు వారాలకు కమిలిన రంగు పోతుంది. నెల దాటేసరికి బయటివాళ్ళకు తెలిసేంత వాపు చాలావరకు తగ్గుతుంది. ఆ మిగిలింది దిగడానికి ఏడాది పడుతుంది, మందమైన చర్మానికి ఏడాదిన్నర కూడా. కొన మీద స్పర్శ నెలల తరబడి మొద్దుబారి ఉంటుంది.

ఎందుకంత కాలం? 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి మా మండలం ఊళ్ళు నీళ్ళలో ఉన్నప్పుడు చూసినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. ముందు ఏది దొరికితే అది, ఇసుక బస్తాలూ రాళ్ళూ వేసి గండి పూడుస్తారు. నీరు ఆగుతుంది, కానీ అది కట్ట కాదు. తర్వాత మట్టి పోసి, తొక్కించి, కాలం మీద గట్టిపడనివ్వాలి. గాయం కూడా మొదట గబగబా పలచటి కొలాజెన్ పోగులను అడ్డదిడ్డంగా వేస్తుంది. తర్వాత నెలల మీద వాటిని తీసేసి, మందమైన పోగులను లాగుడుకు తగ్గట్టు వరుసలో పేరుస్తుంది. ఆ సర్దుబాటు ఏడాది దాకా సాగుతుంది. అంతా అయ్యాక కూడా మచ్చకు మామూలు చర్మపు బలంలో సుమారు నూటికి ఎనభై పాళ్ళే వస్తుంది. ముక్కు ఆకారం బాగా రాలేదనిపించినా ఏడాది లోపు మళ్ళీ కత్తి పెట్టకపోవడానికి కారణం ఇదే. ఇసుక బస్తాలను చూసి కట్ట వంకరని తేల్చలేం.

మరి విమానం? మొహం, కనురెప్పలు, ముక్కు మీద ఇలాంటి ఆపరేషన్లు అయ్యాక ఏడు నుంచి పది రోజులు ఆగి ఎక్కమని అమెరికా ప్లాస్టిక్ సర్జన్ల సలహా. విమానం లోపలి గాలి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంత పలచగా ఉంటుంది, తేమ బాగా తక్కువ. ముక్కు లోపలి పొరలు ఎండి, పక్కులు కట్టి చిట్లుతాయి. పక్కులు ఊడే రోజుల్లోనే రక్తం కారే ప్రమాదం ఎక్కువ. గంటల తరబడి కాళ్ళు కదపకుండా కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టవచ్చు, ఆపరేషన్ అయిన కొత్తలో ఆ అవకాశం ఇంకా పెరుగుతుంది. ఏడో రోజు అచ్చు తీయించుకుని ఎనిమిదో రోజు విమానం ఎక్కిన మన అమ్మాయి సరిగ్గా గీత మీద నడుస్తోంది. మరో వారం ఆగితే మేలు. నడవాల్లో అటూ ఇటూ తిరగాలి, నీళ్ళు తాగుతూ ఉండాలి, ఉప్పునీటి తుంపర ముక్కులో కొట్టుకుంటూ ఉండాలి.

ఇంటికి చేరింది. మా పల్లెల్లో ప్రేమ చాలా గట్టిది, అందుకే జాగ్రత్త.

‘‘ఏమ్మా, మొహం ఇంత ఉబ్బిందేంటి? రా, ఆవిరి పడదాం’’ అంటుంది పెద్దమ్మ.

‘‘వద్దు పెద్దమ్మా, ఆవిరి పట్టకూడదన్నారు.’’

‘‘పోనీ గట్టిగా చీదెయ్యి, ముక్కు వదులుతుంది.’’

చీదకూడదు. కనీసం రెండు మూడు వారాలు. లోపల ఒత్తిడి పెరిగి రక్తం కారుతుంది, పెట్టిన ముక్కలు కదలొచ్చు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, చుట్టూ ఉన్నవాళ్ళు చిరంజీవ అంటే అననివ్వండి. వంగి ముగ్గు వేయకూడదు, బిందె ఎత్తకూడదు. చంటిపిల్లల్ని ఒళ్ళో పెట్టుకుంటే వాళ్ళ తల సరిగ్గా వచ్చి తగిలేది ముక్కుకే. ఎముకను కోసి జరిపి ఉంటే అది అతకడానికి సుమారు ఆరు వారాలు. అందాకా కళ్ళజోడు బరువు దూలం మీద పడకూడదు. పెళ్ళికి చిలకలపూడి రోల్డుగోల్డు ముక్కుపుడక కొనిపెట్టినా, అది పెట్టెలోనే ఉండాలి. ఎండలో తిరిగితే కమిలిన చోట మన చర్మానికి నల్లమచ్చ నిలిచిపోతుంది, గొడుగు తప్పదు.

తిండి దగ్గర మా వాళ్ళు పెట్టే పత్యం సగం మంచిది, సగం కాదు. చేప తింటే చీము పడుతుందని చప్పిడి కూరలూ చారూ పెట్టేస్తారు. గాయం మానడానికి కావలసినది మాంసకృత్తులు. గుడ్డు, పప్పు, కొల్లేటి కొర్రమీను పులుసు ఒంటికి మేలే చేస్తాయి. తగ్గించవలసింది ఉప్పు. ఆవకాయ, బందరు ఎండుచేపలు, అప్పడాలు ఒంట్లో నీటిని నిలిపి వాపును తగ్గనివ్వవు. కొన్ని నెలలు ఓపిక పట్టాలి. చుట్ట, సిగరెట్టు మాత్రం ఇంట్లో ఎవరూ ఆ గదిలో కాల్చకూడదు. తాగేవాళ్ళయితే ఆపరేషన్‌కు వారాల ముందే మానాలి. నికోటిన్ సన్నటి రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది. రక్తం అందని చర్మం చచ్చిపోతుంది. ఆస్పిరిన్, చేపనూనె బిళ్ళలు, వెల్లుల్లి గొట్టాలు రక్తాన్ని కారనిస్తాయి. ఏమేం వాడుతున్నారో సర్జన్‌కు ముందే చెప్పాలి.

పెళ్ళి అయిపోయింది. అమ్మాయి డాలస్ వెళ్ళిపోయింది. ఐదో వారంలో ముక్కు పక్కన ఎర్రగా చిన్న గడ్డ లేచిందనుకుందాం. అసలు చిక్కు ఇక్కడ. కోసిన చేయి ఇస్తాంబుల్లో ఉంది, మనిషి డాలస్‌లో ఉంది. లోపల ఏం చేశారో ఆ ఊరి డాక్టర్‌కు తెలియదు. నడిమి గోడ నుంచి తీసిన మృదులాస్థా, పక్కటెముక నుంచి తీసిందా, సిలికాన్ దిమ్మా? సొంత మృదులాస్థి ఒంట్లో కలిసిపోతుంది. సిలికాన్ ఏళ్ళ తర్వాత కూడా చర్మాన్ని ఒత్తి బయటికి రావచ్చు, చీము పట్టవచ్చు. రెంటికీ వైద్యం వేరు.

గడ్డ వెనక సూక్ష్మజీవి ఏదన్నది ఇంకో ప్రశ్న. 2003, 2004లో డొమినికన్ రిపబ్లిక్ వెళ్ళి కొవ్వు తీయించుకోవడం లాంటి ఆపరేషన్లు చేయించుకున్న అమెరికా మహిళల్లో మైకోబాక్టీరియం అబ్సెసస్ అనే జీవి పుండ్లు పెట్టింది. క్షయ జీవికి దూరపు చుట్టం అది, నీళ్ళలోనూ మట్టిలోనూ బతుకుతుంది. మామూలు యాంటీబయాటిక్‌లకు లొంగదు, వారాల తర్వాతే బయటపడుతుంది. అంటే మనిషి ఇల్లు చేరాకే. 2023లో మెక్సికోలోని మతమోరోస్‌లో వెన్నులో మత్తు ఇచ్చి చేసిన ఆపరేషన్ల తర్వాత ఫంగస్ మెదడు పొరలకు పాకి అమెరికా నుంచి వెళ్ళినవాళ్ళలో కొందరు చనిపోయారు. ఇవి ముక్కు ఆపరేషన్లు కావు, ముక్కుకు వెన్నులో మత్తు ఇవ్వరు కూడా. అయినా రెంటిలోనూ జబ్బు పుట్టింది ఒకచోట, బయటపడింది మరోచోట. మధ్యలో జాప్యం ప్రమాదాన్ని పెంచింది. అందుకే తిరుగు ప్రయాణంలో సామానుతోపాటు ఒక కాగితం తప్పనిసరిగా ఉండాలి. ఏ తేదీన, ఎవరు, ఏం కోశారు, ఏం పెట్టారు, ఏ మత్తు, ఏ మందులు అన్నది రాసి ఉన్న ఆపరేషన్ నోటు. ఇంగ్లీషులో, సంతకంతో. ఇవ్వనన్న చోట ఆపరేషన్ చేయించుకోకూడదు.

నూటికి ఐదు నుంచి పదిహేను ముక్కులకు మళ్ళీ సరిదిద్దే ఆపరేషన్ అవసరమవుతుందని సర్జన్లే చెబుతారు. చెయ్యి తిరిగినవాళ్ళకూ ఇది తప్పదు. కాబట్టి ఆ ఏడాది పొడుగునా పలికే సర్జన్, వెళ్ళి చూపించుకోగల దూరం, రెండోసారి ఖర్చు ఎవరిదన్న మాట, ఇవి ముందే తేల్చుకోవాలి. తక్కువ ధర అన్నది అప్పుడు తేలుతుంది.

ఇంకొక విషయం. ఫోన్ చేతిలో పట్టుకుని తీసుకునే బొమ్మలో ముక్కు అబద్ధం చెబుతుంది. అడుగు దూరం నుంచి తీసిన ఫొటోలో, ఐదడుగుల దూరం నుంచి తీసినదానితో పోలిస్తే, ముక్కు సుమారు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా పరిశోధకులు లెక్కగట్టారు. కెమెరాకు దగ్గరున్నది పెద్దగా కనిపిస్తుంది, మొహంలో అన్నిటికన్నా ముందుండేది ముక్కే. ఆ బొమ్మ చూసి బాధపడి ఖండాలు దాటేముందు, స్నేహితురాలిని ఐదడుగుల దూరంలో నిలబెట్టి ఒక ఫొటో తీయించుకోవాలి. ఎంత మంచి ముక్కు ఉన్నా అందులో లోపమే కనిపించి రోజుకు గంటలు అద్దం ముందే గడిచిపోతుంటే, అది ముక్కు జబ్బు కాదు, మనసుకు సంబంధించింది. అలాంటివారికి ఆపరేషన్ ఊరట ఇవ్వదు. మానసిక వైద్యుడి దగ్గర మంచి చికిత్స ఉంది.

ఈ విద్య అసలు ఎటు నుంచి ఎటు వెళ్ళిందో కూడా చెప్పాలి. సుశ్రుత సంహితలో తెగిన ముక్కు అంత ఆకు కొలిచి తెచ్చి, ఆ కొలతకు చెంప చర్మాన్ని లేపి ముక్కుగా అతకమని ఉంది. గాలి ఆడటానికి రంధ్రాల్లో ఆముదపు కాడ గొట్టాలు పెట్టమని ఉంది. శతాబ్దాల తర్వాత, 1792 మైసూరు యుద్ధంలో ఇంగ్లీషు సైన్యానికి ఎడ్లు తోలే కవాస్జీ అనే మరాఠా రైతు టిప్పు సుల్తాన్ సైనికులకు దొరికాడు. వాళ్ళు అతని ముక్కూ, ఒక చేయీ కోసి పంపేశారు. ఏడాది పాటు ముక్కు లేకుండా తిరిగాక, పూనా దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒక వైద్యుడు అతనికి కొత్త ముక్కు పెట్టాడు. ఆయన పేరు ఎవరూ రాసిపెట్టలేదు. చూసిన ఇంగ్లీషు డాక్టర్ల పేర్లు మాత్రం ఉన్నాయి, థామస్ క్రూసో, జేమ్స్ ఫిండ్లే.

ఆ పూనా వైద్యుడు పలచటి మైనం పలకను తెగిన ముక్కు మీద అమర్చి, దాన్ని నుదుటి మీద పరిచి గీత గీశాడు. గీత వెంట చర్మం కోసి లేపి, కనుబొమల మధ్య చిన్న తాడులా అతుకు ఉంచి, మెలితిప్పి కిందికి దించాడు. ఆ అతుకు గుండా రక్తం అందుతూ ఉంటుంది. కుట్లు లేవు. అంచులను అతికించింది మనం తాంబూలంలో వేసుకునే కాచు. నీళ్ళలో నానబెట్టి గుడ్డపీలికలకు రాసి, ఒకదాని మీద ఒకటి పెట్టాడు. నాలుగు రోజుల తర్వాత కట్టు మార్చి నేతిలో ముంచిన గుడ్డలు వేశాడు. ఐదారు రోజులు రోగి వెల్లకిలా పడుకునే ఉండాలి. పదో రోజున మెత్తటి గుడ్డముక్కలు రంధ్రాల్లో పెట్టాడు, మూసుకుపోకుండా. ఇరవై ఐదో రోజు ప్రాంతంలో, కొత్త చోట రక్తం కుదురుకుందని తేలాకే, కనుబొమల మధ్య అతుకు కోశాడు. ఆ వైద్యుడి చేతిలో గడియారం లేదు, కానీ మానే తేదీ తెలుసు.

ఈ సంగతి 1794 అక్టోబరులో లండన్ జెంటిల్మన్స్ మ్యాగజైన్‌లో అచ్చయింది. అది చదివిన జోసెఫ్ కార్ప్యూ అనే సర్జన్ ఇరవై ఏళ్ళు ఆలోచించి, శవాల మీద చేసి చూసి, 1814 అక్టోబరు 23న చెల్సీలో ఒక సైనికాధికారికి అదే పద్ధతిలో ముక్కు పెట్టాడు. మత్తుమందు ఇంకా పుట్టని రోజులవి. 1816లో పుస్తకం రాశాడు. 1818లో బెర్లిన్‌లో గ్రేఫే ఈ విద్యకు రైనోప్లాస్టీ అన్న మాటను పుస్తకం పేరుగా పెట్టాడు. బెర్లిన్‌లోనే 1898లో జాక్ జోసెఫ్ అనే సర్జన్, ముక్కు పెద్దదని నలుగురిలోకి రాలేకపోతున్న ఒక యువకుడికి ఏ జబ్బూ లేని ముక్కును చిన్నది చేశాడు. అక్కడి నుంచి ఇప్పటి ఆపరేషన్.

కవాస్జీ బొమ్మను జేమ్స్ వేల్స్ అనే చిత్రకారుడు గీశాడు. తలపాగా, కొత్త ముక్కు, నుదుటి మీద చర్మం తీసిన చోట మచ్చ. బొమ్మ కోసం అతన్ని కూర్చోబెట్టింది 1794 జనవరిలో, ఆపరేషన్ అయిన పది నెలలకు.